ప్రగతి బూడిద

కూతురు హైమ కారు కొనుక్కుంటానన్న రోజున మాణిక్యాంబ ధరెంతని అడగలేదు. లీటరుకెంత ఇస్తుందనీ అడగలేదు. షోరూములో ఆరు కార్లు వరసగా పెట్టించి, తాను గేటు దాకా నడిచివెళ్ళి, అక్కడ కళ్ళజోడు తీసేసి వెనక్కి తిరిగి చూసింది. ఐదు కార్లు మసకమసగ్గా ఒకదాన్లో ఒకటి కలిసిపోయాయి. ఆరోది మాత్రం కణకణలాడుతూ కనబడింది. నారింజపండు రంగు.

"అదే తీసుకో," అంది.

"అమ్మా, పండ్లబండి దొర్లుకుంటూ వచ్చినట్టుంటుందే!"

"దొర్లనీ. లారీవోడికి కనబడద్దా లేదా? నాకు కావాల్సింది అదీ."

మాణిక్యాంబ చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. భయానికి అలాంటి హద్దేమీ లేదు. పేపరులో మొదటి పేజీ ఆమెకు అక్కర్లేదు. లోపలి పేజీల్లో కాలవలో పడ్డ కార్లూ, చెట్టుకు గుద్దుకున్న వ్యానులూ ఉంటాయే, అవి మాత్రం అక్షరం పోకుండా చదివి, అవన్నీ తమ కాలవలోనే, తమ మలుపులోనే జరిగినట్టు ఊహించుకుని, చల్లారిపోయిన కాఫీ తాగుతుంది.

ఊరికే భయపడే మనిషి అనడానికీ లేదు. హైమది జిల్లా కేంద్రం ఆసుపత్రిలో, రక్తపరీక్షల ల్యాబులో రాత్రి డ్యూటీ. తెల్లారగట్ల ఐదున్నరకు డ్యూటీ దిగి, పంతొమ్మిది కిలోమీటర్లు కాలవగట్టు మీదుగా తనే నడుపుకుంటూ వేగిరాజుపేట వస్తుంది. గట్టుకు ఒక పక్క కాలవ, ఒక పక్క చేలు, మధ్యన రెండు బళ్ళు మొహమాటపడుతూ తప్పుకునేంత రోడ్డు. ధనుర్మాసం వచ్చిందంటే ఆ గట్టుమీద మంచు పాలు పొంగినట్టు పొంగుతుంది. అందుకని మాణిక్యాంబ రోజూ గట్టు మొదట్లో శాలువా కప్పుకుని నిలబడేది. మంచులో నారింజ చుక్క కనబడగానే ఊపిరి వదిలి, ఇంటికొచ్చి అట్ల పెనం పొయ్యిమీద పెట్టేది.

"ఎందుకే నీకీ కాపలా?" అనేవాడు భర్త, కొబ్బరి దింపులకు బయల్దేరుతూ.

"మీకేం, చెట్టెక్కించేవోరే గానీ ఎక్కేవోరు కాదు."

ఇలా ఉండగా వేగిరాజుపేట ఉన్న లంకల జిల్లాకు అభివృద్ధి వచ్చింది.

అది ఎలా వచ్చిందంటే, దేశాలు ఎందుకు బాగుపడతాయో కనిపెట్టమని పదకొండుమందితో ఒక సంఘం వేశారు. ఆ పదకొండుమందీ తొమ్మిది దేశాలు తిరిగి, ప్రతి దేశంలోనూ రోడ్డు పక్కన కుర్చీలు వేయించుకుని వచ్చేపోయే కార్లు లెక్కపెట్టారు. చలి ఎక్కువా, డబ్బు ఎక్కువా ఉన్న దేశాల్లో బూడిద రంగు కార్లు బారులు తీరి కనబడ్డాయి. ఒక ఎడారి దేశంలో ఎటు చూసినా తెలుపే. ఒక ద్వీప దేశంలో అగ్గిపెట్టెలంత కార్లు పిస్తా రంగులోనూ, గులాబి రంగులోనూ ముద్దుగా తిరుగుతున్నాయి. ఎరుపూ నీలమూ కళ్ళు జిగేల్మనేలా వాడే దేశాలు కొన్ని అప్పుల్లో ఉన్నాయి. సంఘం ఆలోచించింది. ఎడారి సంగతి ఎడారిదనీ, ద్వీపం మరీ చిన్నదనీ పక్కన పెట్టింది. మిగిలినదాన్ని బట్టి తేలిందేమిటంటే, బూడిద రంగు కార్లున్న దేశాలు సంపన్న దేశాలు. కాబట్టి కార్లకు బూడిద రంగు వేస్తే సంపద వస్తుంది.

"ముందు సంపద వచ్చి, తరవాత ఆ రంగు కొనుక్కున్నారేమో?" అన్నాడట ఒక సభ్యుడు. ఆయన్ని తరవాతి దేశానికి తీసుకెళ్ళలేదు.

వెంటనే వర్ణాభివృద్ధి సంస్థ అని ఒకటి పుట్టింది. దానికో కమిషనరు, ఆయనకో కార్యాలయం. ప్రయోగం కింద లంకల జిల్లాను ఎంచుకున్నారు. జిల్లా కేంద్రంలో ఖాళీ గది దొరక్క, కార్యాలయాన్ని వేగిరాజుపేటలో పాత కొబ్బరిపీచు గోడౌనులో పెట్టారు. కమిషనరు వేమగిరి సత్యప్రసాద్ గారు పగటిపూట ఎప్పుడూ తుమ్ముతూ ఉండేవారు.

ఉత్తర్వు వచ్చింది. ముప్పై రోజుల్లోగా జిల్లాలో ప్రతి కారూ మూడు రంగుల్లో ఒకటి వేయించుకోవాలి: ప్రగతి బూడిద, సంపద బూడిద, ఆత్మవిశ్వాస బూడిద. తెలుపు కుదరదు. ఎందుకంటే "తెలుపు రంగు ఇప్పటికే మన దేశంలో విస్తారంగా ఉన్నప్పటికీ ఆశించిన ఫలితాలు రాలేదు."

వివరించి చెప్పడానికి కల్యాణమండపంలో సభ పెట్టారు. మాణిక్యాంబ ముందు వరసలో కూర్చుంది.

"మాతృమూర్తులారా, సోదరసోదరీమణులారా!" అన్నారు కమిషనరుగారు. "వర్ణమనేది కేవలం కంటికి సంబంధించిన విషయం కాదు. అది తలసరి ఆదాయానికి సంబంధించిన విషయం. బూడిద రంగు వాహనాన్ని చూసిన పెట్టుబడిదారుని మనసులో ఒక గంభీరత, ఒక నమ్మకం, ఒక..." ఇక్కడ తుమ్మారు.

మాణిక్యాంబ లేచింది. "అయ్యా, మరండీ, మా అమ్మాయి తెల్లారగట్ల కాలవగట్టు మీద వస్తాదండి. మంచులో బూడిద రంగు బండి కనబడదు కదండీ?"

"మంచి ప్రశ్న. మంచు అనేది వాతావరణ శాఖ పరిధిలోని అంశం."

"మంచు ఆళ్ళదే అనుకోండి. కారు మాదండి."

"అమ్మా, అభివృద్ధి చెందిన దేశాల్లో మనకన్నా దట్టమైన మంచు ఉంటుంది. అయినా వారు నిర్భయంగా బూడిద రంగు వాడుతున్నారు."

"కొన్ని చోట్ల పట్టపగలు కూడా దీపాలేసుకుని తిరుగుతారంటండి ఆళ్ళు. పేపర్లో చదివాను."

"దీపాలు విద్యుత్ శాఖ," అన్నారు కమిషనరుగారు. సభ చప్పట్లు కొట్టింది. మాణిక్యాంబ కూర్చుంది కానీ భయం నిలబడే ఉంది.

మర్నాడు మినహాయింపు కోసం గోడౌనుకు వెళ్ళింది. సూపరింటెండెంటు పద్మజాక్షి గారు మంచి మనిషి. కుర్చీ చూపించి, మజ్జిగ తెప్పించి, దరఖాస్తు ఫారం ఇచ్చింది.

"అంతా బాగానే నింపారమ్మా. కానీ కనబడకపోవడం వల్ల ప్రమాదం జరిగినట్టు ధ్రువపత్రం జత చెయ్యాలి."

"ప్రమాదం జరగకూడదనే కదమ్మా నేనొచ్చింది!"

"జరగనిదానికి ధ్రువపత్రం ఎవరిస్తారండీ?"

"పోనీ, జరిగాక పట్టుకొస్తే మినహాయింపు ఇస్తారా?"

"జరిగాక కారు ఉండదు కదా. అప్పుడు మినహాయింపు దేనికివ్వాలని పై నుంచి అడుగుతారు." పద్మజాక్షికే తన మాట నచ్చలేదు. అటూ ఇటూ చూసి, బీరువాలోంచి సంఘం వారి నివేదిక తీసి, చివర పద్నాలుగో అనుబంధం దగ్గర తెరిచింది. "ఇది చూడండి. ఒక చలి దేశంలో ఒక ముసలావిడని అడిగారట, బూడిద రంగే ఎందుకు కొన్నావమ్మా అని. ఆవిడ చెప్పింది రాశారు: మా ఊళ్ళో రోజూ వాన, బురద; ఈ రంగైతే మురికి తెలీదు, కడగక్కర్లేదు; రేపు అమ్ముకుందామన్నా ఎవరో ఒకరు కాదనకుండా కొంటారు."

"మరి కింద ఎర్రసిరాతో ఏదో ఉందేంటండీ?"

"'సమాధానమిచ్చిన వ్యక్తి సామాన్య గృహిణి. విషయ పరిజ్ఞానం లేదు.'"

మాణిక్యాంబ ఆ పేజీని కాసేపు చూసింది. ఎక్కడో చలి దేశంలో బురద తొక్కుకుంటూ తిరిగే ఆ ముసలావిడతో ఆమెకు చుట్టరికం లాంటిది పుట్టుకొచ్చింది.

ఇరవైతొమ్మిదో రోజున నారింజపండు కారు పెయింటరు గఫూర్ షెడ్డుకు వెళ్ళింది. షెడ్డు ముందు బళ్ళు అరమైలు పొడుగున నిలబడి ఉన్నాయి.

"ఏ బూడిద వెయ్యమంటారమ్మా? ప్రగతా, సంపదా?" అన్నాడు గఫూర్ మూతికి కట్టిన గుడ్డ కిందకి లాగి.

"ఏది బాగా కనబడద్ది?"

"నిజం చెప్పమంటారా? మూడూ ఒకే డబ్బాలోంచి తీస్తున్నానమ్మా. ఆఫీసోళ్ళు రంగుల కార్డు పట్టుకొచ్చి ఆళ్ళలో ఆళ్ళే కొట్టుకుంటన్నారు. నిన్న ఒకాయన నా లుంగీని చూసి ఇది సంపద బూడిద అన్నాడు."

హైమ నవ్వింది. మాణిక్యాంబకు నవ్వు రాలేదు. స్ప్రే గన్ను బుస్సుమన్న కొద్దీ తన కూతురు కొద్దికొద్దిగా గాలిలో కలిసిపోతున్నట్టు అనిపించి, గుమ్మం దగ్గరికి పోయి అటు తిరిగి కూర్చుంది.

అభివృద్ధి కార్లతో ఆగితే అది అభివృద్ధి ఎలా అవుతుంది? రెండో విడతలో ఆటోలూ, స్కూలు బస్సులూ వచ్చాయి. మూడో విడతలో పోస్టు డబ్బాలు. అగ్నిమాపక శకటానికి ఆత్మవిశ్వాస బూడిద వేశాక, అది గంట కొట్టుకుంటూ వస్తుంటే నీళ్ళ ట్యాంకరు అనుకుని ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని అడ్డంగా వచ్చారు. మెయిను సెంటరులో సిగ్నలు దీపాలు కూడా మార్చారు: పైన ముదురు బూడిద, నడుమ మధ్యరకం, కింద లేత. ఏది వెలిగిందో ఎవరికీ తెలియకపోవడంతో ఒక కానిస్టేబులును నిచ్చెన వేసి పైన కూర్చోబెట్టారు. అతను, "ముదురొచ్చింది, ఆగండి! లేతొచ్చింది, పొండి!" అని రోజంతా కేకలు పెట్టేవాడు. మూడో రోజుకు అతని గొంతు పోయింది. గొంతు ఆరోగ్య శాఖ కిందికి వస్తుందని కమిషనరుగారు రాశారు.

ఊళ్ళో ఎవరి కారు ఎవరిదో తెలియడం మానేసింది. ఒక పెళ్ళికొడుకు బాసికంతో సహా వేరే కారెక్కి పశువుల టీకాల శిబిరంలో దిగాడు. ఇవన్నీ చెప్పుకుని జనం కడుపు పట్టుకుని నవ్వారు. ఎవరి మీదికీ రానంతవరకూ అంతా సరదాగానే ఉంది.

ధనుర్మాసం మొదలైంది. మొదటి నాలుగు రోజులూ మాణిక్యాంబకు కూతురు కారు ఎదురుగా వచ్చి ఆగి, హైమ తల బయటపెట్టి "అమ్మా!" అనేదాకా కనబడలేదు. ఐదో రోజు ఆరుంబావు దాటింది, ఆరున్నర దాటింది. పావుతక్కువ ఏడింటికి కారు వచ్చింది. కుడివైపు అద్దం లేదు. తలుపు పొడుగునా పెద్ద గీత.

"ఏం కాలేదమ్మా," అంది హైమ. చేతులు మాత్రం స్టీరింగు మీంచి తియ్యడం లేదు. "ఎదురుగా స్కూలు బస్సు. నాకది కనబళ్ళేదు, ఆయనకి నేను కనబళ్ళేదు. స్టీరింగు పక్కకి కోసేశాను. ఎడమ చక్రం గట్టు చివర్న ఆగింది."

ఎంత చివరన ఆగిందని మాణిక్యాంబ అడగలేదు. ఆ సంగతి తెలియకుండా ఉంటేనే రాత్రికి కాస్త కూడు దిగుతుందని ఆమెకు తెలుసు. హైమ ఏరుకొచ్చిన విరిగిన అద్దాన్ని చీరకొంగులో కట్టుకుని తిన్నగా గోడౌనుకు వెళ్ళి, కమిషనరుగారి బల్లమీద పెట్టింది.

"ఇదిగోనండి మీ ధ్రువపత్రం."

కమిషనరుగారు అద్దంలో తన మొహం చూసుకుని, జుట్టు సర్దుకుని, ఫైలు తెప్పించారు. "ఢీకొన్న వాహనం రంగు?"

"బూడిదండి."

"ఢీకొనబడిన వాహనం రంగు?"

"మీరేయించిందేనండి, బూడిద."

"అయితే రెండు వాహనాలూ నిబంధనలకు అనుగుణంగానే ఉన్నాయి. అనుగుణమైన రెండు వాహనాల మధ్య జరిగినది సాంకేతికంగా ప్రమాదం కాదమ్మా, సాన్నిహిత్యం." ఆయన కసురుకోలేదు, ఎగతాళీ చెయ్యలేదు. నిజంగా నమ్మి చెప్పారు. అది చూసే మాణిక్యాంబకు భయం వేసింది.

"బాబూ, మీరు రోజూ ఎక్కణ్ణించి వస్తారు?"

"జిల్లా కేంద్రం నుంచి, తెల్లవారుజామునే బయల్దేరి. ఎందుకు?"

"ఆ గట్టుమీంచేనా?"

"అవును. మా అమ్మగారు అక్కడే ఉంటారు."

"జాగర్తండి," అని, అద్దం తిరిగి కొంగులో కట్టుకుని వచ్చేసింది.

ఆ సాయంత్రం సంస్థ వారు పంచిన కరపత్రాన్ని ముందేసుకుని, ప్రమాద వార్తలు చదివినంత శ్రద్ధగా, కూడబలుక్కుంటూ చదివింది. ఏడో నిబంధన దగ్గర వేలు ఆగింది. పూజల, దిష్టితీతల సందర్భంగా వాహనానికి పెట్టే పసుపు, కుంకుమ, గంధం, పువ్వులు, నిమ్మకాయలు మొదలైన ఆచార ద్రవ్యాలు రంగు కిందికి రావని అందులో ఉంది. అధికారుల బళ్ళకు కూడా బొట్లున్నాయి మరి, అందుకని పెట్టుకున్నారు. ఎంత మేర పెట్టాలన్నది మాత్రం ఎక్కడా లేదు.

మర్నాడు హైమ డ్యూటీకి బయల్దేరే వేళకు మాణిక్యాంబ వాకిట్లో గంగాళం పెట్టి కూర్చుంది. మూడు కిలోల పసుపు, కారిపోకుండా చిక్కటి గంజి. మోచేతుల దాకా ముంచి, గడపకు రాసినట్టు కారుకు రాయడం మొదలుపెట్టింది. బానెట్టు, తలుపులు, వెనక డిక్కీ, పైకప్పు. ఎత్తు అందకపోతే భర్త కొబ్బరి దింపుల నిచ్చెన తెచ్చి వేశాడు. ఈసారి ఎందుకే అనలేదు.

"అమ్మా, నేనీ కారేసుకుని ఆసుపత్రికెళ్ళాలా? పెళ్ళికూతుర్ని స్నానం దగ్గర్నించి లేపుకొచ్చినట్టుంది!"

"సిగ్గుపడు. బతికుండి సిగ్గుపడు," అంది మాణిక్యాంబ, చక్రం పైన ఆఖరి చెయ్యి వేస్తూ.

ఆ తెల్లవారి మంచులో అరఫర్లాంగు దూరం నుంచే కూతురు కనబడింది. వారం రోజుల తరవాత మాణిక్యాంబ ఊపిరి వదిలింది. కానీ ఆ వెనకే కమిషనరుగారి జీపు వచ్చి ఆగింది, ఆయన రంగుల కార్డు పట్టుకుని దిగారు.

"ఏమిటిది? ఎవరు అనుమతించారు ఈ వర్ణాన్ని?"

"వర్ణం కాదండి. వాహన పూజ."

"వాహనమంతటికీనా?"

"మొన్న కాలవలో పడబోయి తప్పిన బండండి. అందుకని దిష్టి మొత్తానికి తీశాను. ఏడో నిబంధన చూడండి."

కమిషనరుగారు చూశారు. కార్డు కారు పక్కన పెట్టి చూశారు. ఒక మూల గోటితో గీకితే కింద ప్రగతి బూడిద క్షేమంగా ఉంది. ఆయనతోబాటు జీపులో వచ్చిన పద్మజాక్షి నెమ్మదిగా, "కింద రంగు సరిగ్గానే ఉంది సార్. పైన ఉన్నది దేవుడి సంగతి. దేవాదాయ శాఖ," అంది.

ఆయనకు ఆ వాదనలో తప్పు దొరకలేదు. జీవితమంతా ఆయన వాడిన వాదనే అది. "ఆచార ద్రవ్యం యొక్క గరిష్ఠ విస్తీర్ణంపై స్పష్టత కోరుతూ" పైకి రాశారు. స్పష్టత వచ్చేదాకా ఎవరినీ ఏమీ అనడానికి లేదు.

ఈ మాట గట్టు పొడుగునా పాకింది. రెండో రోజు స్కూలు బస్సు డ్రైవరు బక్కెట్టు పట్టుకుని వచ్చాడు. మూడో రోజు ఆటోలవాళ్ళు. మాణిక్యాంబ అందరికీ గంజి ఎంత చిక్కగా ఉండాలో చెప్పింది. వారం తిరిగేసరికి వేగిరాజుపేట అంతా పెళ్ళివారి విడిదిలా వాసనేసింది. పోస్టుమాస్టరు గారు కూడా ఒకరోజు వచ్చి, పోస్టు డబ్బాకు దిష్టి తగిలిందేమోనని సందేహం వెలిబుచ్చారు.

పదో రోజున, తలుపు వారగా వేసి ఉంటే, ఎవరో తుమ్మిన చప్పుడైంది. కమిషనరుగారు. చేతిలో మూడంతస్తుల టిఫిను క్యారియరు.

"నియమం ప్రకారం నేనిలా అడగకూడదు," అన్నారు ఆయన గుమ్మంలోనే నిలబడి. "కానీ మా అమ్మగారు... ఆవిడ కూడా పేపరు చదువుతారు. లోపలి పేజీలు. రోజూ నేను ఆఫీసు చేరేదాకా ఫోను చేస్తూనే ఉంటారు. అద్దం సంగతి పొరపాటున చెప్పాను."

మాణిక్యాంబ క్యారియరు అందుకుని, మూడు గిన్నెలూ పసుపు గంజితో నింపి ఇచ్చింది. "బానెట్టుకి రెండు చేతులు ఎక్కువెయ్యమనండి. ఎదరగా వచ్చేవోడికి ముందు కనబడేది అదే." ఆయన తల ఊపారు. "మీ అమ్మగారికి ఫోన్లో కబురెట్టండి, గట్టు మొదట్లో నేనుంటానని."

నెలాఖరుకు పదకొండుమంది సభ్యులూ ఫలితాలు చూడ్డానికి వచ్చారు. జిల్లా అంతా పసుపుమయమై కనబడింది. వారు కంగారు పడలేదు. అడుగునున్న బూడిద రంగు ఎంత పసుపునైనా భరించగలుగుతున్నదనీ, ఇది ఆ రంగు యొక్క సహనశక్తికి నిదర్శనమనీ, ప్రయోగం విజయవంతమైందనీ రాసుకున్నారు. సంపన్న దేశాల వారు తమ బూడిద రంగు కార్లకు పసుపు ఎందుకు పూయడం లేదన్నది మాత్రం అంతుచిక్కని విషయమనీ, దాన్ని తేల్చడానికి మరో తొమ్మిది దేశాలు వెళ్ళక తప్పదనీ తీర్మానించి, ఆ సాయంత్రమే బయల్దేరారు. స్పష్టత ఇంకా రాలేదు.

మర్నాడు మంచు మరీ దట్టంగా దిగింది. కాలవ లేదు, చేలు లేవు, రోడ్డు లేదు. మాణిక్యాంబ శాలువా తలమీదుగా కప్పుకుని గట్టు మొదట్లో నిలబడింది. ఆరుంబావుకు తెల్లటి ఆ శూన్యంలో ఒక పసుపు చుక్క పుట్టింది. దాని వెనక ఇంకోటి. దాని వెనక మరో మూడు. ఒకదానికొకటి చోటిచ్చుకుంటూ, దారి చూసుకుంటూ వస్తున్నాయి. వాటిలో తన కూతురు ఏదో ఆమెకు తెలియలేదు. కళ్ళజోడు తుడుచుకుని చూసినా తెలియలేదు. ప్రతి చుక్కా తనదే అన్నట్టు, అది కారుగా మారి, పక్కనుంచి దాటేదాకా చూస్తూ నిలబడింది. స్కూలు బస్సు దాటింది. ఆటోలు దాటాయి. ఆమెను చూసి ఒక్కొక్కరూ హారను కొట్టారు.

ఐదోది ఆగింది. హైమ కిటికీ దింపింది. మొహం అలసిపోయి ఉంది గానీ నవ్వుతోంది.

"వచ్చేశాగా. ఎక్కు, ఆకలేస్తంది. ఇంటికి పోయి అట్లు పోద్దువుగాని."

మాణిక్యాంబ కిటికీలోంచి చెయ్యి పెట్టి కూతురి బుగ్గ తాకి చూసింది. చలికి మంచుముక్కలా ఉంది. ఉన్నది, అంతే చాలు. చెయ్యి వెనక్కి తీసుకుని, మళ్ళీ మంచు వైపు తిరిగింది.

"నువ్వెళ్ళి పిండి తీసి బయటెట్టు, వస్తాను," అంది. "కమిషనరుగారు ఇంకా రాలేదు."